రిమోటు నొక్కితే ఫ్యాను పలకడం లేదా? లోపం చేతిలోనా, పైకప్పులోనా

పోయిన రోహిణి కార్తెలో ఒకరోజు రాత్రి పదకొండు దాటాక తిరువాన్మియూరు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఒరే నాయనా, ఫ్యాను ఒకటి మీదే ఈడుస్తా ఉంది. ఎంత నొక్కినా పెరగడం లేదు. సెల్లు కొత్తవే, సాయంత్రమే మార్చా. అంగడతనేమో పైన బోర్డు పోయింటుంది, ఫ్యానే మార్చుకోండమ్మా అన్నాడు" అంది.

పెద్దమ్మకు డెబ్బై దాటాయి, ఒక్కతే ఉంటుంది, ఇల్లు సముద్రానికి దగ్గర. ఆ రోజుల్లో చెన్నైలో అర్ధరాత్రి దాటినా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి, గాలిలో తేమకు ఒళ్ళంతా జిడ్డుగా ఉంటుంది. ఫ్యాను ఒకటి మీద తిరుగుతోందంటే ఆమెకు ఆ రాత్రి నిద్ర లేనట్టే. వేళచ్చేరి నుంచి బండేసుకుని వెళ్ళాను. పది నిమిషాల్లో ఫ్యాను అయిదు మీద తిరిగింది. కొత్తగా కొన్నదేమీ లేదు. రిమోటు వెనక, సెల్లు కూర్చునే చోట స్ప్రింగుకు పట్టిన చిలుమును గరుకు కాగితంతో గీకానంతే.

నిజానికి పెద్దమ్మ చెప్పిన మొదటి మాటలోనే సగం జవాబు ఉంది. ఫ్యాను ఒకటి మీద తిరుగుతోందంటే దానికి కరెంటు అందుతోంది, మోటారు బాగుంది, మోటారును తిప్పే బోర్డూ పనిచేస్తోంది. ఆగిపోయిందల్లా ఆమె చెప్పే మాట ఫ్యానుకు చేరడమే. ఈ తేడా తెలియక మంచి ఫ్యాన్లను దించేసి కొత్తవి బిగించుకున్న ఇళ్ళు నాకు తెలిసినవే నాలుగైదు ఉన్నాయి. డబ్బు పోవడం ఒక ఎత్తు. ఎండాకాలంలో పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో రెండు మూడు రోజులు ఫ్యాను లేకపోవడం ఇంకో ఎత్తు. అందుకే ఈ విషయాన్ని కాస్త విడమరిచి రాస్తున్నాను.

పాత ఫ్యాన్లకు ఈ బాధ లేదు. స్విచ్ బోర్డు మీద రెగ్యులేటరు, దాన్ని తిప్పితే వేగం మారేది. ఇప్పుడు వాడకం పెరుగుతున్నవి బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగేవి. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు పొదుపును చూపే స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యాక ఇవి మామూలు అంగళ్ళలోకీ వచ్చేశాయి. పాత ఫ్యాను 70 నుంచి 80 వాట్లు తింటే ఇవి 28 నుంచి 35 వాట్లతో అదే గాలి ఇస్తాయి. రోజుకు పదిహేను ఇరవై గంటలు ఫ్యాను తిరిగే చెన్నైలో ఆ తేడా బిల్లులో కనిపిస్తుంది. కానీ ఈ పొదుపుతో పాటు ఒక మార్పు కూడా జరిగింది. గోడ మీది వేగం మీట పైకప్పులోకి, ఫ్యాను గుండెలోకి వెళ్ళిపోయింది. లోపల అయస్కాంతాలున్న మోటారు, ఇంటి కరెంటును డీసీగా మార్చే బోర్డు, మోటారును లెక్కప్రకారం తిప్పే ఒక చిన్న చిప్ ఉంటాయి. ఆ చిప్‌తో మాట్లాడే దారి చాలా ఫ్యాన్లలో రిమోటు ఒక్కటే. అది మూగబోతే ఫ్యాను ఉన్నా లేనట్టే.

మరి ఆ మాట ఎలా వెళ్తుంది? రిమోటు ముక్కు దగ్గర చిన్న బల్బులాంటి ఎల్ఈడీ ఉంటుంది. బటన్ నొక్కితే అది కంటికి కనిపించని పరారుణ కాంతిని వెలిగిస్తుంది. ఊరికే వెలిగిస్తే లాభం లేదు, ఎందుకంటే ఎండలోనూ, వేడెక్కిన గోడలోనూ, మన ఒంట్లోనూ పరారుణం ఉంటుంది. అందుకని సెకనుకు సుమారు 38 వేల సార్లు ఆరుతూ వెలుగుతూ మినుకుతుంది. ఫ్యాను అడుగున నల్లటి అద్దంలాంటి ప్లాస్టిక్ వెనక ఉండే రిసీవరు ఆ లయలో మినికే వెలుగును మాత్రమే పట్టించుకుని, మిగతాది వదిలేస్తుంది. ఆ మినుకుల గుంపుల మధ్య వచ్చే చిన్న పెద్ద విరామాలే అక్షరాలు. బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో ప్రతి ఆదేశమూ 32 బిట్లు, అంటే వరసగా 32 సున్నాలో ఒకట్లో. అందులో ఒక భాగం "ఇది ఫలానా రకం పరికరానికి" అనే చిరునామా, ఇంకో భాగం "వేగం పెంచు" లాంటి పని. రెంటినీ సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా తిరగేసి ఇంకోసారి పంపుతుంది, దారిలో అక్షరం మారిపోతే పట్టుకోవడానికి. టీవీ రిమోటుకు ఫ్యాను తిరగకపోవడం ఈ చిరునామా వల్లే. ఒకే హాల్లో ఒకే మోడల్ ఫ్యాన్లు రెండుంటే ఒక్క రిమోటుకు రెండూ పలకడం కూడా దీనివల్లే.

ఇక వెతకడం మొదలుపెడదాం. సెల్లు మార్చడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఫోను తీసి ముందువైపు కెమెరా, అంటే సెల్ఫీ కెమెరా తెరవండి. రిమోటు ముక్కును కెమెరాకు జానెడు దూరంలో పెట్టి బటన్ నొక్కుతూ తెర మీద చూడండి. మన కంటికి కనిపించని వెలుగు కెమెరాకు లేత ఊదాగానో తెల్లగానో మినుకుతూ కనిపిస్తుంది. చాలా ఫోన్ల వెనక కెమెరాల్లో పరారుణాన్ని అడ్డుకునే ఫిల్టరు గట్టిగా ఉంటుంది కాబట్టి ముందు కెమెరాయే మేలు. బాగా పనిచేసే టీవీ రిమోటుతో ఒకసారి చూసి, మీ ఫోను ఆ వెలుగును పట్టుకుంటోందని నిర్ధారించుకున్నాక ఫ్యాను రిమోటు చూడండి. గదిలో లైటు ఆపితే ఇంకా స్పష్టంగా ఉంటుంది.

ఈ ఒక్క పరీక్ష గొడవను రెండు ముక్కలు చేస్తుంది. వెలుగు అసలు లేకపోతే లోపం చేతిలో ఉంది, పైకి చూడనక్కర్లేదు. వెలుగు బాగా ఉంటే లోపం దారిలోనో పైనో ఉంది. మసగ్గా, తడబడుతూ ఉంటే ముందు సెల్లు అనుమానించాలి. పెద్దమ్మ ఇంట్లో తెర మీద ఏమీ కనిపించలేదు. అందుకే నేను నిచ్చెన అడగలేదు.

షియోమీ ఫోన్లలో చాలావాటికి పై అంచున ఐఆర్, అంటే పరారుణ బల్బు ఉంటుంది, ఫోనే రిమోటుగా పనిచేస్తుంది. అందులో మీ ఫ్యాను కంపెనీ పేరు దొరికి, ఫోనుతో ఫ్యాను తిరిగితే ఇక సందేహమే లేదు, పోయింది రిమోటే. అలాంటి ఫోను పక్కింటి కుర్రాడి దగ్గరున్నా సరే, ఒక్క నిమిషం అడిగి తెచ్చుకోవడం మంచిది.

చేతిలో ఉన్న లోపాల్లో మొదటిది సెల్లు. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. సన్న సెల్లు రెండు కలిస్తే 3 వోల్టులు. మీటరు పెట్టి చూస్తే నీరసించిన సెల్లు కూడా 2.7, 2.8 చూపించి బాగున్నట్టే నటిస్తాయి. కానీ ఎల్ఈడీ మినికే ఆ క్షణాల్లో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు వోల్టేజీ దబ్బున పడిపోతుంది. పొద్దున లేవగానే రెండుసార్లు పనిచేసి తర్వాత మొరాయించడం, ఫ్యాను కిందికి వెళ్ళి చెయ్యి పైకెత్తి నొక్కితేనే పలకడం, ఇవి అలసిపోయిన సెల్లు లక్షణాలు. ఛార్జింగ్ సెల్లు వేసేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది, అవి ఒక్కోటి 1.2 వోల్టులే, కాబట్టి కొన్ని రిమోట్లలో దూరం తగ్గుతుంది. ఒక పాత సెల్లు, ఒక కొత్తది కలిపి మాత్రం వేయకండి. పాతది త్వరగా ఖాళీ అయి కారడం మొదలుపెడుతుంది.

రెండోది చిలుము. సముద్రపు గాలి తగిలే బెసెంట్ నగర్, తిరువాన్మియూరు, రాయపురం లాంటి చోట్ల ఇది నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. పెద్దమ్మ రిమోటు మూత తీసినప్పుడు పైపైన అన్నీ బాగానే ఉన్నాయి. సెల్లు బయటికి తీసి, ఫోను టార్చి వేసి పక్కకు వంచి చూస్తే అప్పుడు కనిపించింది. స్ప్రింగు చివరి చుట్టు మీద పచ్చగా, దాని కింద తెల్లగా ఉప్పు పేరినట్టు పొర. ఎదుటి రేకు మీద సెల్లు బుడిపె ఆనే చోట గోధుమరంగు మచ్చ. అంతకుముందున్న సెల్లు ఎప్పుడో కొంచెం కారాయి, ఉప్పుగాలి మిగతా పని చేసింది. కొత్త సెల్లు వేసినా ఆ పొర మీదే కూర్చున్నాయి, కరెంటు దాటలేదు. సెల్లును వేలితో గుండ్రంగా తిప్పితే కొన్ని రిమోట్లు కాసేపు పనిచేయడం మీరూ చూసే ఉంటారు. ఆ రాపిడికి పొర కొంచెం గీసుకుపోతుంది, అంతే రహస్యం.

శుభ్రం చేయడానికి సన్నటి గరుకు కాగితం ముక్క, లేదా గోళ్ళు రుద్దుకునే ఆకురాయి చాలు. లోహం మెరిసేదాకా రుద్దాలి. తెల్లటి పొడి ఎక్కువగా ఉండి, కారింది ఆల్కలైన్ సెల్లయితే అది క్షారం, దూదిపుల్లకు ఒక చుక్క నిమ్మరసం అద్ది రాస్తే కరిగిపోతుంది. తర్వాత స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, అరగంట ఆరనిచ్చి అప్పుడు సెల్లు వేయాలి. ఆ పొడి చేతికంటితే కడుక్కోకుండా కళ్ళు నలుపుకోకండి. స్ప్రింగు నీరసించి సెల్లు వదులుగా ఉంటే కొద్దిగా బయటికి లాగండి.

ఒక్క బటన్ మాత్రమే పనిచేయక మిగతావన్నీ బాగుంటే అది సెల్లూ కాదు, ఫ్యానూ కాదు. బటన్ కింద రబ్బరుకు నల్లటి చిన్న బిళ్ళ అతికి ఉంటుంది. అది బోర్డు మీది గీతలను కలిపితేనే ఆదేశం వెళ్తుంది. రోజూ నొక్కేది వేగం పెంచే బటన్ కాబట్టి ముందు అరిగేదీ అదే. చెమట, నూనె దిగి పొర కట్టినా అంతే. విప్పి స్పిరిట్‌తో తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది. ఇంకో సంగతి, ఏదో ఒక బటన్ లోపలికి ఇరుక్కుని ఉండిపోతే రిమోటు రాత్రింబవళ్ళు అదే మాట పంపుతూ ఉంటుంది. రెండు రోజులకే సెల్లు అయిపోతున్నాయంటే ఒకసారి అన్ని బటన్లూ వేలితో తడిమి చూడండి.

కింద పడ్డ రిమోటు సంగతి వేరు. కొన్నింట్లో లయ కొట్టే రెండు కాళ్ళ చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది, సాధారణంగా 455 కిలోహెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 4 లక్షల 55 వేల సార్లు కొట్టుకునేది. చిప్ ఆ లెక్కను 12తో భాగించుకుని సుమారు 38 వేల లయ తెచ్చుకుంటుంది. మంచం మీంచి టైల్స్ నేల మీద పడ్డప్పుడు ఈ బిళ్ళ లోపల పగిలినా, దాని టంకం విడిచినా రిమోటు మూగబోతుంది. టంకం వేయడం వచ్చినవాళ్ళకు అయిదు నిమిషాల పని, రానివాళ్ళు కొత్త రిమోటు కొనుక్కోవడమే తేలిక.

కెమెరాలో వెలుగు బాగా కనిపిస్తోంది, అయినా ఫ్యాను పలకడం లేదనుకుందాం. ఇప్పుడు దారి చూడాలి. పగలు మధ్యాహ్నం పలకక, చీకటి పడ్డాక పలికే ఫ్యాన్లు ఉంటాయి. పడమటి బాల్కనీలోంచి ఎండ నేల టైల్స్ మీద పడి పైకి తిరిగి కొడుతుంటే, ఆ వెలుగులోని పరారుణానికి రిసీవరు కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఇది రిమోటు పుట్టిన నాటి బాధ. 1955లో అమెరికాలో జెనిత్ కంపెనీ కోసం యూజీన్ పాలీ చేసిన తొలి వైర్‌లెస్ టీవీ రిమోటు మామూలు వెలుగుతో పనిచేసేది. టీవీ నాలుగు మూలల్లో కాంతిని పట్టే కళ్ళుండేవి. ఎండ పడితే చానళ్ళు వాటంతటవే మారిపోయేవి. ఇప్పటి 38 వేల లయ ఆ బాధను చాలావరకు తీర్చింది కానీ పూర్తిగా కాదు. కర్టెన్ వేసి నొక్కి చూస్తే తేలిపోతుంది. అలాగే లైటు వేసినప్పుడే ఫ్యాను పలకడం మానేస్తే ఆ లైటునే అనుమానించండి. సీఎఫ్ఎల్ బల్బుల లోపలి చిన్న సర్క్యూటు కూడా ఇంచుమించు అదే లయలో మినుకుతుంది, రిసీవరుకు సంతలో మాట వినబడనట్టు అవుతుంది.

ఇంకా సామాన్యమైన కారణం, ఫ్యాను అడుగున ఆ నల్లటి కంటికి పట్టిన దుమ్ము. వంటిల్లు, హాలు కలిసి ఉన్న ఇళ్ళలో పోపు పొగ జిడ్డు దాని మీద పేరుకుంటుంది. స్విచ్ ఆపి, రెక్కలు పూర్తిగా ఆగాక పొడిగుడ్డతో తుడవండి. నీళ్ళు చల్లకండి, లోపల బోర్డు ఉంది.

ఇక పైన ఏముందో చూద్దాం. ముందు ఖర్చులేని మందు. గోడ స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేయండి. కరెంటు తక్కువ ఎక్కువ అయినప్పుడు, ఇన్వర్టరు మీదికి మారి మళ్ళీ వచ్చినప్పుడు లోపలి చిప్ ఒక్కోసారి స్తంభించిపోతుంది. టకాటకా ఆపి వేస్తే సరిపోదు, బోర్డులోని కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దాన్ని బతికిస్తూనే ఉంటుంది. నిమిషం ఆగితే అది పూర్తిగా నిద్రపోయి కొత్తగా లేస్తుంది. చాలా ఫ్యాన్లు ఆదేశం అందగానే బీప్ అంటాయి. బీప్ వచ్చి వేగం మారకపోతే మీ రిమోటు బంగారం, లోపం బోర్డులోనో మోటారులోనో ఉంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే కొత్త రిమోటు డబ్బు మిగులుతుంది.

అన్నింటికంటే నేను గట్టిగా చెప్పాలనుకునేది పాత రెగ్యులేటరు గురించి. అద్దె ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. పాత ఫ్యాను తీసి అదే కొక్కేనికి, అవే తీగలకు కొత్త బీఎల్‌డీసీ బిగిస్తారు, గోడ మీది రెగ్యులేటరు మాత్రం అలాగే వదిలేస్తారు. ఎవరో చెయ్యి తగిలించి దాన్ని మూడు మీదికి తిప్పుతారు. కొన్ని రెగ్యులేటర్లు వోల్టేజీని తగ్గిస్తాయి, కొన్ని కరెంటు అలను మధ్యలో కోసి ముక్కలుగా పంపుతాయి. ఫ్యాను లోపలి బోర్డు నిండు కరెంటు వస్తుందనుకుని తయారైనది. ముక్కలైన కరెంటుతో అది ఆగుతూ లేస్తూ ఉంటుంది, రిమోటు మాట ఒకసారి విని ఇంకోసారి వినదు, చివరికి కాలిపోతుంది. మీ ఇంట్లో రిమోటు ఫ్యాను ఉండి గోడ మీద రెగ్యులేటరు కూడా ఉంటే ఇప్పుడే వెళ్ళి దాన్ని నిండుగా తిప్పి ఉంచండి. తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దాన్ని దారిలోంచి పూర్తిగా తీయించండి. ఇంటి ఓనరుతో మాట్లాడి అయినా సరే చేయించండి. ఆ పనికి స్విచ్ ఆపితే చాలదు, ఎంసీబీ, అంటే ఆ లైనుకు కరెంటు ఆపే మెయిన్ బోర్డు మీది మీట దించాలి. పాత ఇళ్ళలో స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌లో కలిపి ఉంటే, స్విచ్ ఆపినా ఫ్యాను దగ్గర కరెంటు ఉంటుంది.

పై అంతస్తులో, ఎండకు కాగే శ్లాబు కింద ఉన్న ఫ్యాన్లకు ఇంకో జబ్బు ఉంది. బోర్డు మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపల తడి ఉంటుంది. వేడికి అది నెమ్మదిగా ఇంకిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. స్విచ్ వేశాక చాలాసేపటికి గానీ లేవకపోవడం, లేచినా రిమోటుకు పలకకపోవడం దీని గుర్తులు. వారంటీ ఉంటే విప్పకండి, కంపెనీ వాళ్ళనే పిలవండి. వారంటీ దాటితే బోర్డు ఒక్కటే మారుస్తారేమో అడగండి, మొత్తం ఫ్యాను మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు.

ఇంతవరకు చెప్పింది వెలుగుతో పనిచేసే రిమోట్ల గురించి. దుప్పటి కిందనుంచి నొక్కినా, పక్క గదిలోంచి నొక్కినా ఫ్యాను పలుకుతుంటే మీది రేడియో రిమోటు. దానికి కెమెరా పరీక్ష పనికిరాదు. మామూలు ఫ్యానుకు తర్వాత తగిలించిన రిమోటు కిట్లలో ఇవి కనిపిస్తాయి. వీటి రిసీవరు డబ్బా ఫ్యాను పైన, కప్పుకు ఆనే గిన్నెలో ఉంటుంది. అందులోంచి ఒక సన్న తీగ తోకలా బయటికి వస్తుంది, అదే ఏరియల్. 433 మెగాహెర్ట్జ్ రకానికి అది సుమారు 17 సెంటీమీటర్లు ఉండాలి. అడ్డంగా ఉందని కత్తిరించినా, ఇనప గిన్నెలోకి కుక్కేసినా దూరం పడిపోతుంది. కరెంటు పోయి వచ్చాక కొన్ని కిట్లు జతను మరిచిపోతాయి కూడా. మళ్ళీ జత చేసే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. మామూలుగా స్విచ్ వేసిన కొన్ని సెకన్లలోపు ఏదో ఒక బటన్ నొక్కిపట్టాలి. ఆ కాగితం పారేయకుండా ఫోటో తీసి పెట్టుకోండి.

లోపం కానిది ఒకటి కూడా చెప్పాలి. తెల్లవారుజామున మూడింటికి ఫ్యాను ఆగిపోతోందని, బోర్డు వేడెక్కుతోందేమోనని మా వీధిలో ఒకావిడ రెండు వారాలు కంగారు పడ్డారు. వాళ్ళ మనవడు ఆడుకుంటూ టైమరు బటన్ నొక్కుతున్నాడు. రెండు, నాలుగు గంటల టైమర్లు, గంటగంటకూ వేగం తగ్గించే స్లీప్ బటన్ చాలా రిమోట్లలో ఉంటాయి. రోజూ ఇంచుమించు ఒకే వేళకు ఆగుతోందంటే ముందు అది చూడండి.

చివరికి రిమోటే కొనాల్సి వస్తే మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో దొరకనిది ఉండదు. కానీ చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు రిమోట్ల లోపల చిరునామాలు వేరుగా ఉండవచ్చు. పాత రిమోటు వెంట తీసుకెళ్ళండి, ఫ్యాను మీద అతికించిన మోడల్ కాగితాన్ని ఫోటో తీసుకోండి, పనిచేయకపోతే మార్చి ఇస్తారా అని ముందే అడగండి. సర్వీసుకు ఫోన్ చేస్తే "రిమోటు పనిచేయట్లేదు" అని ఊరుకోకండి. కెమెరాలో వెలుగు కనిపించిందా లేదా, నొక్కితే బీప్ వస్తోందా, గోడ స్విచ్ వేస్తే ఫ్యాను ఏ వేగంలో తిరుగుతోంది, రెగ్యులేటరు ఉందా, ఈ నాలుగూ చెప్పండి. అప్పుడు వచ్చే మనిషి సరైన సామాను సంచిలో వేసుకుని వస్తాడు, అదే రోజు పని అవుతుంది.